నాలుగో వరుసలో నా షుగరు

ఈ సాయంత్రం, అనగా 2025 మే 10, శనివారం, ఐదు గంటల పది నిమిషాలకు, మా ఊరి చర్చిలో పాటల బోర్డు ముందు ఎత్తుపీట మీద నిలబడి ఉన్నాను. రేపటి ఆరాధనలో పాడవలసిన కీర్తనల అంకెలను, చెక్కకు ఒకటి చొప్పున, చిన్న చిన్న టేకు చెక్కల మీద తెల్లరంగుతో రాసి ఉంచుతారు. బోర్డుకున్న గాడుల్లో ఆ చెక్కలను జార్చాలి. సముద్రపు తేమకు కర్ర ఉబ్బి బిగుసుకోకుండా గాడులకు కొవ్వొత్తి మైనం రుద్దుతాము. మైనం వాసన ముక్కుకు తగులుతుండగా చెక్క జారి అడుగున ఆగినప్పుడు ‘టక్’ మని ఒక చిన్న చప్పుడు అవుతుంది. లేబొరేటరీలో గాజుపలకను దాని పెట్టెలో సరిగా దించినప్పుడు, నలభై ఆరేళ్ళ కిందట, సరిగ్గా ఇదే చప్పుడు అయ్యేది. మూడు వరుసలు నింపి, నాలుగో వరుస కోసం చేతిలోకి చెక్కలు తీసుకున్నాను. మొన్న సోమవారమే ఈ సంఘానికి వచ్చిన పాస్టరు గారు, ముప్పై దాటని మనిషి, కింద నిలబడి తన చీటీని రెండుసార్లు చూసుకున్నారు. “రమణయ్య గారూ, నేను మూడు పాటలే రాసిచ్చాను గదండీ. నాలుగోది ఎక్కడిది?” అని అడిగారు. “నాలుగోది నాదండీ,” అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. కావడానికి దీవెనమ్మ గారిని గురించి చెప్పాలి. ఆయన ఆమెను చూడలేదు. చదివే మీరూ చూడలేదు.

నేను ఈ చర్చి సంఘస్థుణ్ణి కాను. కొడవలూరు దగ్గర వరి పండించుకునే ఇంట 1957లో పుట్టాను. 1979 జూలై 2, సోమవారం, జువ్వలదిన్నెకు పోయే దారిలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో లేబొరేటరీ సహాయకుడిగా చేరాను. ఆ లేబొరేటరీ అంతా ఒక గది, ఒక కిటికీ, ఒక సూక్ష్మదర్శిని, ఒక స్పిరిటు దీపం, దీవెనమ్మ గారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏడేళ్ళు దాటి పది నెలలు. పొట్టి మనిషి, నవ్వితే ముందు భుజాలు కదిలేవి, తరువాత నోరు కదిలేది. నేను “మేడమ్” అనగానే, “మేడమ్ అంటే నా వెనక ఎవురన్నా ఉండారేమో అని తిరిగి చూడాల్సి వొస్తుంది. అక్కా అను,” అన్నారు. ఆనాటి నుంచి నలభై రెండేళ్ళ ఏడు నెలలు ఆమె నాకు అక్క.

చక్కెర వ్యాధి ఉన్నదో లేదో ఆ రోజుల్లో మూత్రాన్ని నీలిరంగు ద్రావణంలో మరిగించి తెలుసుకునేవారం. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. రంగు ముదిరినకొద్దీ చక్కెర ఎక్కువ. ఎంతసేపు మరిగించాలో తెలియడానికి అక్క గడియారం చూసేవారు కాదు. ఒక కీర్తనలో రెండు చరణాలు పాడేవారు. ఆ పద్ధతి మీద నాకు నమ్మకం కుదరక, నా చేతి గడియారంతో పదకొండుసార్లు సరిచూశాను. ఒక నిమిషం యాభై ఐదు సెకన్లకు తగ్గలేదు, రెండు నిమిషాల నాలుగు సెకన్లకు మించలేదు. నేను సరిచూస్తున్న సంగతి ఆమెకు మొదటి రోజే తెలుసునని పన్నెండోసారి చెప్పారు. “ఇంక చాలా? లేకపోతే నా తాళం తప్పేదాకా చూస్తావా?”

చేరిన నాలుగో రోజున గాజు గొట్టం చూసి, “ఎర్రగా వచ్చిందక్కా,” అన్నాను. “ఎరుపంటే ఏ ఎరుపు? పండు మిరపకాయా, ఇటుకా?” “ఇటుకే.” “మళ్ళీ చూడు.” గొట్టం చల్లారాక కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. నారింజ రంగు. నేను తలవంచుకుంటే ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. “కన్ను తొందరపడుద్ది రమణయ్యా. తప్పు గాదు, దాని గుణం అది. చెయ్యి ఆగాల. నువ్వు ఇటుక అని రాస్తే ఆ మనిషికి మందు మారిపోద్ది.” తరువాత మా గది నియమం చెప్పారు. ఒకరు అంకె చదవాలి, రెండోవారు పైకి ఉచ్చరించాలి, ఆ తరువాతనే పుస్తకంలో రాయాలి. గదిలో ఇద్దరమే గనుక ఇరవై ఏళ్ళ పాటు మా సంభాషణలో సగం ఇదే. “నూట ఇరవై రెండు.” “నూట ఇరవై రెండు.” బయట వరండాలో కూర్చున్న రోగులు మేము పంతులూ పిల్లాడూ ఎక్కాలు వల్లె వేస్తున్నామనుకునేవారు. లోకంలో నేను అంకెలను, తేదీలను తప్ప మరిదేనినీ నమ్మనని నా ఇంటివారు ఎత్తిపొడుస్తారు. నిజమే. అయితే అంకెను నమ్మడమంటే దాన్ని రెండోసారి చూడడమని నేర్పింది దీవెనమ్మ గారు.

ఆమె 1999లో పదవీ విరమణ చేశారు. చేసిన మరుసటి శనివారం నుంచి చర్చిలో పాటల బోర్డు పని తీసుకున్నారు. పాస్టరు గారు చీటీ రాసిస్తే చెక్కలు పెట్టడం ఆమె వంతు. కీర్తనల పుస్తకంలో ఏ అంకెకు ఏ పాటో ఆమెకు పుస్తకం తెరవకుండా తెలుసు. ఎవరైనా కీర్తన మొదటి మాట అంటే అంకె చెప్పేవారు. అంకె చెబితే పాట ఎత్తుకునేవారు. 2002 నుంచి ప్రతి నెలా రెండో ఆదివారం, ఆరాధన ముగిశాక, చర్చి అరుగు మీద ఉచితంగా షుగరు చూడడం మొదలుపెట్టారు. వేలి కొస మీద చిన్న సూదిపోటు, ఒక రక్తపు చుక్క, అరచేతిలో ఇమిడే యంత్రం. చూసేది ఆమె, రాసేది నేను. సంఘస్థులే కాక పొలాలవాళ్ళు, పడవలవాళ్ళు అందరూ వచ్చేవారు.

ఒక మే నెలలో జువ్వలదిన్నె నుంచి పోలయ్య అనే పడవ యజమాని వచ్చాడు. యంత్రం నాలుగు వందల రెండు చూపింది. నేను గట్టిగా ఉచ్చరించగానే ఆ ఆజానుబాహువు అరుగు మీద చతికిలబడ్డాడు. “నా పని అయిపోయినట్టేనా అక్కా?” అక్క అతని వేలు పట్టుకొని వాసన చూశారు. “పొద్దున ఏం తిన్నావు?” “బంగినపల్లి. రెండు చెక్కలే.” “పొయ్యి సబ్బుతో చెయ్యి కడుక్కొని రాపో. మళ్ళీ చూద్దాం.” ఈసారి నూట ముప్పై ఒకటి. “షుగరు నీకు లేదు పోలయ్యా, నీ మామిడిపండుకు ఉండాది.” “అయితే దానికే మందు రాయక్కా,” అన్నాడు పోలయ్య, లేచి పంచె దులుపుకుంటూ. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆ అరుగు దగ్గర చెయ్యి కడుక్కోకుండా వేలు చాపినవాణ్ణి “ఏరా, పోలయ్య మామిడా?” అని వెక్కిరించేవారు.

ఇంతమంది వేళ్ళు పొడిపించుకున్న ఆ అరుగు మీద, నేను ఏనాడూ నా వేలు చాపలేదు. నాకు 2001లోనే చక్కెర వ్యాధి ఉన్నదని తేలింది. మూడు నెలలకు ఒకసారి పరగడుపున పరీక్ష చేసుకొని, ఎర్ర అట్ట పుస్తకంలో తేదీతో సహా రాసుకునేవాణ్ణి. నూట ఎనిమిది. నూట పన్నెండు. నూట ఆరు. చూడముచ్చటైన అంకెలు. ప్రతి పరీక్షకు రెండు రోజుల ముందు అన్నం మానేసి కొర్రల జావతో సరిపెట్టుకొని, పొద్దునా సాయంత్రం కాలువగట్టు మీద నడిచేవాణ్ణన్న సంగతి మాత్రం పుస్తకంలో లేదు. మా ఇంటావిడ సరోజ ఆ రెండు రోజులకు ‘పరీక్ష వ్రతం’ అని పేరు పెట్టింది. వ్రతం తీరిన మధ్యాహ్నం పాయసం వండేది. నేను తినేవాణ్ణి. అంకెను మోసం చేస్తున్నానని నాకు తోచలేదు. విద్యార్థి పరీక్షకు చదువుకున్నట్లే అనుకున్నాను.

2013 మార్చి 3, ఆదివారం. శ్రమకాలపు దినాలు, సిలువను తలచుకొని నెమ్మదైన పాటలు పాడుకునే రోజులు. అక్కకూ షుగరు ఉంది; అంతకు ముందు శుక్రవారం ఇంటికి వెళ్ళి ఆమె రక్తం చూశాను. పరగడుపున నూట అరవై ఎనిమిది, తిన్న రెండు గంటలకు రెండు వందల నలభై ఒకటి. ఆమె ఉచ్చరించారు, నేను రాశాను. ఆదివారం నేను, వచ్చే వారపు పరీక్షల సంగతి అక్కతో మాట్లాడాలని, కిటికీ పక్క వరండాలో కూర్చొని ఆరాధన ముగియడానికి ఎదురుచూస్తున్నాను. మొదటి పాట అయింది. రెండో పాటకు డోలక్ మోగగానే ఏదో తేడాగా అనిపించింది. అది క్రిస్మసు పాట. వేపచెట్లు పూత మీద ఉన్న మార్చి ఎండలో రెండు వందల మంది క్రీస్తు పుట్టాడని, గొర్రెల కాపరులు చలిలో మేలుకొని ఉన్నారని చెమటలు కక్కుతూ పాడుతున్నారు. బోర్డు మీద ఉన్నది పాడడమే ఆ సంఘానికి తెలుసు. అడగడం అలవాటు లేదు. ముందు బెంచీలో అక్క పుస్తకం లేకుండా అందరికన్నా గట్టిగా పాడుతున్నారు. రెండో చరణం మధ్యలో ఆమె గొంతు ఆగింది. బోర్డు వైపు చూశారు. తరువాత కిటికీలోంచి నా వైపు చూశారు. అప్పటికి నేనూ బోర్డు చదివాను. రెండో వరుసలో 168. మూడో వరుసలో 241. రెండు వందల నలభై ఒకటో కీర్తన పెళ్ళి పాట. దాన్నీ పాడారు. ఆనాటి పాస్టరు గారు పెద్దమనిషి, ప్రసంగానికి లేచి, “ఈ రోజు సంఘంలో ఒక పుట్టుక, ఒక పెళ్ళి జరిగాయి. ఇప్పుడు మెల్లగా శ్రమల్లోకి వద్దాం,” అని సర్దుకున్నారు.

జనం వెళ్ళిపోయాక అక్క అరుగు మీదికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. “రమణయ్యా, అవి నా అంకెలు గదా.” “అవునక్కా.” “చీటీ నా చేతిలోనే ఉండింది. చీటీ చూసుకుంటానే పెట్టినా.” ఆ తరువాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వు. “నా షుగరుకు సంఘమంతా లేచి నిలబడి పాట పాడింది గదయ్యా. ఏ డాక్టరు చేసినాడు నాకు ఇంత మర్యాద?” కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. “ఒకసారి తప్పు పోతే పరాకు. నువ్వు లెక్క పెట్టు. ఎన్నిసార్లో చూద్దాం.”

నేను లెక్కపెట్టాను. నలభై రోజుల్లో పదిహేడు. పొయ్యి మీద పాలు మరిచిపోవడం లాంటివి అందులో చేర్చలేదు. అవి నావీ ఉన్నాయి. ఉదయం వేసుకున్న మాత్ర మళ్ళీ వేసుకోబోవడం, తెలిసిన సందులో తమ ఇంటి మలుపు దాటిపోవడం, అన్న కూతురు శాంతిని చనిపోయిన వదిన పేరుతో పిలవడం, ఇలాంటివే చేర్చాను. శాంతి బడిలో టీచరు. అక్క పెళ్ళి చేసుకోలేదు గనుక ఆ అమ్మాయి ఇంట్లోనే ఉండేవారు. ఏప్రిల్‌లో ముగ్గురమూ నెల్లూరు వెళ్ళాము. డాక్టరు గారు నా జాబితా అంతా చదివి, అక్కతో చాలాసేపు మాట్లాడి, కొన్ని పరీక్షలు చేయించి, మతిమరుపు జబ్బు మొదలైందని నెమ్మదిగా చెప్పారు. చక్కెర చాలా ఏళ్ళు అదుపు తప్పి ఉంటే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయని, అలాంటివారికి ముసలితనంలో ఈ జబ్బు వచ్చే ప్రమాదం మిగిలినవారికన్నా ఎక్కువని, అలాగని షుగరు ఉన్న ప్రతివారికీ వస్తుందని కాదని, ఈమెకు దీనివల్లనే వచ్చిందని ఎవరూ రాసి ఇవ్వలేరని అన్నారు. షుగరు మరీ పడిపోయినా మెదడుకు చేటేనని చెప్పి, ఆమె మాత్రల్లో ఒకదాన్ని తగ్గించారు. “ఎక్కువ అంటే ఎంత ఎక్కువండీ?” అని అడిగాను. “అది వేలమందిని కలిపి చూస్తే చెప్పే మాటండీ. ఒక మనిషికి శాతం ఉండదు. ఆ మనిషి చేతిలో ఉన్నది షుగరును, రక్తపోటును అదుపులో పెట్టుకోవడం, నడవడం, నలుగురిలో మెలగడం.” అక్క నవ్వారు. “మా రమణయ్యకు అంకె చెప్పకపోతే నిద్ర పట్టదు డాక్టరు గారూ. ఆయనకే ఒక అంకె వొచ్చేట్టు చెయ్యండి. మూడు నెలల సగటు చూపించే పరీక్ష ఉండాదే, అది చెయ్యండి.”

నేను వద్దన్నాను. నా ఎర్ర పుస్తకం ఉన్నదని చెప్పాను. ఆమె నా మోచెయ్యి పట్టుకొని, నలభై రోజుల్లో పదిహేడు తప్పులు చేసిన మనిషి పట్టు కాదది, కుర్చీలో కూర్చోబెట్టారు. మూడు నెలల రక్తం ఎలా ఉందో ఆ పరీక్ష చెబుతుంది. రెండు రోజుల వ్రతానికి అది లొంగదు. ఏడుకు లోపల ఉంటే మంచిదన్నారు. నాకు తొమ్మిది పాయింటు నాలుగు వచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సు కొడవలూరు దాటింది. అప్పుడు అక్క నా సంచిలోంచి ఎర్ర పుస్తకం తీసి, పేజీలన్నీ ఓపికగా తిరగేసి, నా ఒళ్ళో పెట్టారు. “ఇందులో అంకెలన్నీ నిజమే రమణయ్యా. పుస్తకమే అబద్ధం.”

ఆ మాట మీద నాకు కోపం రాలేదని చెబితే అది రెండో అబద్ధం అవుతుంది. “నువ్వు మాత్రం ఏం చేశావక్కా?” అన్నాను. అనకూడని మాట. ఆమె కిటికీలోంచి పచ్చని మడులను చూస్తూ, ఏ మాత్రం నొచ్చుకోకుండా జవాబు చెప్పారు. “నాకు షుగరని 1983లో తెలిసింది. 1994 దాకా చూసుకోలేదు. నీ ఎదురుగానే, అదే గదిలో, ఊరందరి నెత్తురూ చూసినా. నాది చూడలా. చూస్తే ఒప్పుకోవాల గదా. నువ్వు నాకన్నా నయం, అబద్ధానికైనా చూసుకున్నావు.” పదకొండేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చొని, ఆమె రక్తపు అంకె ఒక్కటీ ఉచ్చరించలేదన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. అంకెలను నమ్మేవాణ్ణి, లేని అంకెను గమనించలేకపోయాను. “మన గదిలో తప్పు అది ఒక్కటే,” అన్నారామె. “ఒకరు చదవాల, ఒకరు పలకాల అని చెప్పి, నాది నేను ఒక్కదాన్నే దాచుకున్నా. నా మతి యాడిదాకా వొస్తుందో తెలీదు. నీది ఇంకా చేతిలోనే ఉండాది. ఇద్దరం ఒకేసారి మరిచిపోతే మనల్ని మనకు జ్ఞాపకం చేసేదెవురు? రేపటి నుంచి రోజూ పొద్దున నీ అంకె నాకు చెప్పాల. నేను పలుకుతా. శనివారం బోర్డు కాడికి ఇద్దరం పోదాం. చీటీ నేను చదువుతా, నువ్వు పలికి పెట్టు.”

నాకు అప్పటికి యాభై ఆరో ఏడు నడుస్తున్నది. ఆ బస్సులో నాకు కలిగిన భయాన్ని దాచుకోను. నా సర్వస్వమూ నా తలలోని తేదీలే. అవి ఒకదాని వెంట ఒకటి చెరిగిపోతాయేమోనన్నదే ఆ భయం. మర్నాడు ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఫోను చేశాను. “నూట తొంభై మూడు,” అన్నాను. వ్రతం లేని నా మొదటి అంకె. “నూట తొంభై మూడు,” అన్నారు అవతలి నుంచి, వాతావరణం చెప్పినంత మామూలుగా. “టిఫిను తిని నడిచి రా. ఎండెక్కకముందే.” సరోజ కొర్రలను వారానికి నాలుగు రోజుల వంటగా మార్చింది, పాయసానికి పండగలు మాత్రమే మిగిలాయి. ఏడాది తిరిగేసరికి తొమ్మిది పాయింటు నాలుగు ఏడు పాయింటు ఒకటి అయింది. గొప్ప అంకె కాదు. కానీ పుస్తకమూ నిజమే.

బోర్డు దగ్గర మా శనివారాలు నా జీవితంలోని మంచి సాయంత్రాలు. నేను ఎత్తుపీట ఎక్కేవాణ్ణి. ఆమె బెంచీలో కూర్చొని చీటీ చదివేవారు. తొలి రెండేళ్ళు ఒక్క తప్పూ లేదు. పైగా, ఏ పాటకు ఎన్ని చరణాలో చెప్పి, “పొడుగు పాట ఇచ్చినాడీయన, రేపు ఎవరింట్లోనో కూర మాడుద్ది,” అని వ్యాఖ్యానం. 2016లో చీటీ చదవడం కష్టమైంది. అప్పుడు నేను చదివితే ఆమె పలికారు. 2018లో పలకడంలోనూ అంకెలు తారుమారయ్యాయి. “తొంభై ఆరు,” అంటే, “అరవై తొమ్మిది. ఏదైతే ఏందిలే, రెండూ మంచి పాటలే,” అనేవారు. నేను నవ్వి, నా అంకె పెట్టేవాణ్ణి. డోలక్ వాయించే ఏసురత్నం, వృత్తికి ఆటో నడుపుతాడు, పక్కన నిలబడి రెండోసారి పలికేవాడు. నియమం నియమమే గదా.

2019 నవంబరు నాటికి ఆమెకు నా పేరు పోయింది. ఫోను ఆమెకు కష్టమై రోజూ ఇంటికే వెళ్ళేవాణ్ణి; ఒక ఉదయం వెళితే నన్ను తేరిపార చూసి, “కరెంటు మీటరు చూసేవాడివి గదా నువ్వు?” అన్నారు. శాంతి నొచ్చుకొని సరిచెప్పబోతే వద్దని సైగ చేశాను. ఆలోచిస్తే అది అంత తప్పూ కాదు. రోజూ వచ్చి ఒక అంకె చెప్పి వెళ్ళే మనిషి మరెవరవుతాడు? “అవునక్కా,” అన్నాను. “మీటరు ఎంత తిరిగింది?” ముందురోజు రాత్రి బంధువుల ఇంట పెళ్ళి. ఆ ఉదయం నా షుగరు నూట ఎనభై ఆరు. ఏమీ తెలియని ఆ ముఖం చూసి, ఈమెకు ఇప్పుడు నిజం చెప్పి ఏం లాభమనిపించింది. ఆరేళ్ళలో మొదటిసారి అబద్ధం చెప్పాను. “నూట పది.” ఆమె పలకలేదు. తల పక్కకు వంచి, సరిగ్గా 1979లో లేబొరేటరీలో నిలబడినట్లే నిలబడి, “మళ్ళీ చూడు,” అన్నారు.

వాకిట్లోకి వెళ్ళి, అర నిమిషం నిలబడి, తిరిగి వచ్చాను. “నూట ఎనభై ఆరు.” “నూట ఎనభై ఆరు,” అన్నారు, తృప్తిగా. “ఇప్పుడు రాయి. ఫ్యాను తక్కువ వేసుకోమంటా మా శాంతిని.” శాంతి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళింది. నేనూ నవ్వాను. నా పేరు పోయింది, నా ఉద్యోగం మారిపోయింది, పలికే నియమం మాత్రం ఆమెలో చెక్కుచెదరలేదు. నా ముఖంలో ఏం చూసి పట్టుకున్నారో ఈనాటికీ నాకు తెలియదు. దానికి నా దగ్గర అంకె లేదు.

ఆమె 2022 ఫిబ్రవరి 11న, శుక్రవారం, ఎనభై ఏళ్ళ వయసులో, నిద్రలో వెళ్ళిపోయారు. ఏడాది తరువాత 2023 ఫిబ్రవరి 12, రెండో ఆదివారం, చర్చిలో ఆమె జ్ఞాపకార్థ ఆరాధన జరిగింది. ముందురోజు మూడు వరుసలు నింపాక ఎత్తుపీట దిగలేకపోయాను. ఏడాదిగా ఉదయం ఆరూ నలభైకి నా అంకె వినేవారు లేరు. నా పుస్తకంలో అక్కడక్కడ ఖాళీలు పడుతున్నాయి. ఖాళీ తరువాత వ్రతం, వ్రతం తరువాత అబద్ధం. ఆ దారి నాకు తెలిసినదే. బోర్డులో నాలుగో వరుస ఎప్పుడూ ఖాళీయే. ఆ ఉదయపు నా అంకెను, 134, అందులో పెట్టాను. ఆనాటి పాస్టరు గారికి చెప్పి పెట్టాను, ఆయన కాసేపు ఆలోచించి, “పదేళ్ళ కిందట ఆమె అంకె పాడాం. మీది పాడలేమా?” అన్నారు. సంఘం లేచి నిలబడి పాడింది. అది చిన్నపిల్లల పాట. అప్పటి నుంచి ప్రతి నెలా రెండో ఆదివారం నాలుగో పాట నాదే. ఆ రోజు అరుగు మీద షుగరు పరీక్షలు ఇప్పటికీ జరుగుతాయి. మొదటి వేలు నాది.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉన్నది. నా షుగరును బట్టి రెండు వందల మంది ఎంతసేపు నిలబడాలో నిర్ణయమవుతుంది. నూట పద్దెనిమిదికి మూడే చరణాలు. నూట నలభై ఆరుకు ఎనిమిది. “అన్నా, నువ్వు ఒక ముద్ద తగ్గించుకుంటే మేమంతా ముందుగా ఇంటికి పోతాం,” అని చర్చి ముందు ఆడవాళ్ళు నన్ను నిలదీస్తారు. నేను పెళ్ళి భోజనానికి కూర్చుంటే, ఎక్కడి నుంచో ఒక గొంతు, “రమణయ్యన్నా, రేపు రెండో ఆదివారం,” అంటుంది. ఏ డాక్టరూ, ఏ పథ్యమూ చేయలేని పని ఇది. నాకు ఇప్పుడు అరవై ఎనిమిదో ఏడు. ఆరు నెలలకోసారి శాంతి నన్ను కూర్చోబెట్టి డాక్టరు గారు అడిగే ప్రశ్నలన్నీ అడుగుతుంది: తేదీ, వారం, వందలోంచి ఏడేసి తీసివేత. ఇప్పటిదాకా తప్పు పోలేదు. పోతే అదీ రాసుకుంటాము.

ఇదంతా కొత్త పాస్టరు గారికి ఎత్తుపీట మీద నుంచే చెప్పాను. ఆయన బెంచీలో కూర్చొని విన్నారు. ఈ ఉదయం ఏం జరిగిందో కూడా దాచలేదు. యంత్రం నూట డెబ్భై ఒకటి చూపింది. వేలు వాసన చూసుకున్నాను; బంగినపల్లి. సరోజ కోసం పండు కోసిచ్చి, టెంక మాత్రం నేను నాకిన నేరం. సబ్బుతో చెయ్యి కడుక్కొని మళ్ళీ చూశాను. నూట యాభై ఎనిమిది. ఇంకొకసారి చూస్తే మరికొంత తగ్గునేమోనన్న ఆశ పుట్టకపోలేదు. మళ్ళీ చూడమన్నది నిజం కోసం గాని నాకు నచ్చే అంకె దొరికేదాకా కాదు. యంత్రాన్ని పెట్టెలో పెట్టి, నూట యాభై ఎనిమిది అని రాశాను.

అంతలో ఏసురత్నం డోలక్ సంచితో లోపలికి వచ్చి, నా చేతిలోని చెక్కలు చూసి ఆగిపోయాడు. “నూట యాభైల్లో ఉండాదా? అన్నా, యాభై ఎనిమిది మాత్రం అనబాక. అది తొమ్మిది చరణాలు.”

“మామిడిపండ్ల కాలం ఏసురత్నం.”

“చెయ్యి కడుక్కొని చూసినావా?”

“చూశాను.”

పాస్టరు గారు బెంచీలోంచి లేచి వచ్చి బోర్డు కింద నిలబడ్డారు. ఆయన చేతిలో చీటీ లేదు. “చదవండి,” అన్నారు. “ఈ వారం నేను పలుకుతాను.”

“నూట యాభై ఎనిమిది,” అన్నాను.

“నూట యాభై ఎనిమిది,” అన్నారు ఆయన.

ఒకటి, ఐదు, ఎనిమిది. మూడు చెక్కలూ గాడిలో దించాను. టక్. టక్. టక్.